కాంటూరు రేఖల టాటూ: డిజైన్, చోటు, ఆర్టిస్టు కలిపి తేల్చుకున్న ఒక కేసు

టాటూ వేయించుకోదలచినవారు సాధారణంగా ముందు డిజైన్ ఎంచుకుంటారు, ఆ తరువాత శరీరం మీద చోటు చూసుకుంటారు, అన్నీ కుదిరాక ఆర్టిస్టు కోసం వెతుకుతారు. టాటూ ఆర్టిస్టునైన నా దగ్గరికి సంప్రదింపుల కోసం వచ్చేవారిలో ఎక్కువమంది ఈ వరుసలోనే ఆలోచించి వస్తారు. తరువాత ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి ఈ వరుసే మూలమని నా అభిప్రాయం. ఒక గీత ఎన్నేళ్లు స్పష్టంగా నిలుస్తుందన్నది ఆ గీత సన్నదనం, అది పడే చర్మం, దాన్ని వేసే చేయి కలిసి తేల్చే విషయం కాబట్టి, వీటిలో ఏ ఒక్కటి మారినా మిగిలిన రెండింటినీ మళ్లీ మొదటినుంచి చూడవలసి వస్తుంది. ఇక్కడ వివరిస్తున్న కేసులో అది చాలా స్పష్టంగా కనిపించింది. క్లయింటు అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను వదిలేశాను.

క్లయింటు ముప్పై ఎనిమిదేళ్ల సర్వేయరు, పటాల తయారీలో పనిచేస్తారు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం తన గురువుతో కలిసి కొలిచిన కొండ తాలూకు కాంటూరు పటాన్ని (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలతో కొండ రూపాన్ని చూపే పటాన్ని) టాటూగా వేయించుకోవాలన్నది ఆమె కోరిక. ఆ గురువు కొంతకాలం క్రితం మరణించారు. ఆమె వెంట తెచ్చుకున్న పటంలో ఎత్తులో పది మీటర్ల అంతరంతో గీసిన నలభై కాంటూరు రేఖలు గోధుమ రంగులో, ఒక వాగు నీలంలో, నడకదారి ఎర్రటి చుక్కల గీతగా, శిఖరం దగ్గర ఎత్తును చూపే అంకె ఉన్నాయి. ఈ మొత్తం అరచేతిలో సగం పరిమాణంలో, భుజం మీద రావాలని ఆమె అనుకున్నారు. అంతకుముందు ఆమె ఒంటిమీద టాటూ ఏదీ లేదు.

డిజైన్ బాగుందా లేదా అన్న చర్చలోకి నేను మొదట వెళ్లను. ఈ బొమ్మలో ఏది తీసేస్తే ఇది మీకు కావలసిన బొమ్మ కాకుండా పోతుందని అడుగుతాను. జ్ఞాపకంతో ముడిపడిన డిజైన్లలో ఈ ప్రశ్న చాలా అవసరం, ఎందుకంటే ఆ జ్ఞాపకానికి చెందిన ప్రతి వివరమూ చర్మం మీదికి ఎక్కాలని మనసు కోరుతుంది, చర్మానికేమో ఆ వివరాలన్నింటికీ చోటు ఉండదు. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. వారం తరువాత రాసి పంపారు: రెండు శిఖరాల మధ్య ఉన్న పల్లం, తూర్పు వైపున్న నిటారు వాలు, ఈ రెండూ ఉంటే చాలు, ఆ కొండను తాను ఎక్కడైనా గుర్తుపడతానని. అంకె, నడకదారి అవసరం లేదన్నారు. వాగు విషయంలో మాత్రం అప్పటికి తేల్చుకోలేకపోయారు.

గీతల మధ్య ఖాళీ

తూర్పు వాలు ఆమెకు ముఖ్యం, సాంకేతికంగా అదే అన్నిటికంటే కష్టమైన భాగం. వాలు నిటారుగా ఉన్నచోట కాంటూరు రేఖలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఆమె కోరిన పరిమాణంలో స్కేలుతో కొలిచి చూస్తే, అక్కడ గీతకూ గీతకూ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ కూడా లేదు.

ఆ ఖాళీ ఎందుకు అవసరమో ఆమెకు వివరంగా చెప్పాను. సూది సిరాను పైపొరను దాటించి, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో ఉన్న డెర్మిస్ అనే పొరలో వదులుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది పుడుతుంది కనుక సిరా అక్కడే ఉండిపోతే కొన్ని వారాల్లో పోతుంది. మరీ లోతుకు వెళితే కింది కొవ్వు పొరలో చెదిరి గీత చుట్టూ నీలి మసకలా కనిపిస్తుంది. డెర్మిస్‌లో పడిన రంగు కణాలను మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు మింగి పట్టి ఉంచుతాయి. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, అటువంటి కణం చనిపోయినప్పుడు బయటపడిన రంగును దాని స్థానంలోకి వచ్చిన కొత్త కణాలు తిరిగి పట్టుకుంటాయని తేలింది. టాటూ శాశ్వతంగా ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు అది మంచి వివరణ. అయితే ప్రతి గీతా ఏళ్లు గడిచేకొద్దీ కొంత వెడల్పవుతుంది, అంచు కొంత మెత్తబడుతుంది. కాబట్టి రెండు గీతల మధ్య ఖాళీని ఈరోజు కంటికి కనిపించే అందాన్ని బట్టి కాక, పదేళ్ల తరువాత ఆ రెండూ వేర్వేరు గీతలుగా కనిపించాలన్న లెక్కతో నిర్ణయించాలి. సన్నని గీతలకు కనీసం రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది నేను పాటించే నియమం. ఇది నా వృత్తిలో ఏర్పడిన కొలత. చర్మాన్ని బట్టి, చోటును బట్టి దాన్ని పెంచుతాను గాని తగ్గించను.

ఈ దశలో చాలామంది క్లయింట్లు నిరాశపడతారు. ఈమె పడలేదు, ఎందుకంటే పటాల పనిలో ఇదే సమస్యను ఆమె రోజూ పరిష్కరిస్తారు: పటం స్కేలు చిన్నదవుతున్న కొద్దీ వివరాలను తగ్గించి, కాంటూరు అంతరాన్ని పెంచి, కొండ రూపం చెడకుండా చూడటం. తన పటాన్ని ఆమె తానే తిరగ గీశారు. అంతరాన్ని నలభై మీటర్లకు పెంచడంతో నలభై రేఖలు పదికి దిగాయి. పటాల్లో మామూలుగా ప్రతి ఐదో రేఖను మందంగా గీసే పద్ధతి ఉంది. దాన్ని అలాగే ఉంచి పదిలో రెండు రేఖలను మందం చేశారు. తూర్పు వాలు వద్ద పది రేఖలూ, వాటి మధ్య రెండేసి మిల్లీమీటర్ల ఖాళీలూ కలిపి సుమారు ఇరవైరెండు మిల్లీమీటర్లు వచ్చింది. దాన్ని బట్టి మొత్తం డిజైన్ ఏడు సెంటీమీటర్ల వెడల్పుకు, పన్నెండు సెంటీమీటర్ల పొడవుకు పెరిగింది. అంటే ఆమె మొదట కోరినదానికంటే చాలా పెద్దది. డిజైన్ ఎంత సరళమైతే టాటూ అంత చిన్నదిగా వేయించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఇక్కడ సరళం చేశాక కూడా పరిమాణం పెరగక తప్పలేదు, ఆ పెరుగుదలకు ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

చర్మం చెప్పిన షరతులు

ఆమెది ముదురు గోధుమ వన్నె చర్మం. చర్మం ఎండకు ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి వర్గీకరించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో, ఆరు రకాల్లో ఐదోది అని చెప్పవచ్చు. రంగు సిరా డెర్మిస్‌లో ఉంటుంది, చర్మానికి వన్నె ఇచ్చే మెలనిన్ దాని పైనున్న పొరలో ఉంటుంది, అందువల్ల మనం టాటూను ఎప్పుడూ మెలనిన్ గుండానే చూస్తాం. ఆమె పటంలోని గోధుమ రంగు ఈ చర్మం మీద దాదాపు కనిపించదు. ముదురు చర్మం మీద రంగులు పనికిరావన్న మాట నేను ఒప్పుకోను. ముదురు నీలం, ముదురు ఎరుపు, ఆకుపచ్చల్లో మంచి పని చాలా ఉంది. కాని సన్నని గీతలకు కావలసినది చర్మం రంగుతో తేడా, ఆ తేడాను నలుపు ఇచ్చినంతగా మరే రంగూ ఇవ్వదు. ఎర్ర చుక్కల దారి అప్పటికే డిజైన్ నుంచి పోయింది, అది మరో విధంగానూ మేలే అయింది, ఎందుకంటే టాటూ సిరాల వల్ల వచ్చే అలర్జీల్లో ఎరుపు రంగు మీద నమోదైనవే ఎక్కువ.

ఆరోగ్య వివరాల పత్రం నింపేటప్పుడు ఆమె భుజం మీది పాత టీకా మచ్చ గురించి చెప్పారు. చూస్తే అది ఉబ్బి, గట్టిగా ఉంది. గాయం పరిధిని దాటి మచ్చ పెరిగే కీలాయిడ్ స్వభావం ఉన్నవారికి సూది గాయం కూడా అలాంటి మచ్చను పుట్టించవచ్చు. పైగా భుజాలు, ఛాతీ, వీపు పైభాగం, చెవి తమ్మెలు ఇందుకు ఎక్కువ అవకాశమున్న చోట్లు. ఇది కీలాయిడా, మామూలు ఉబ్బు మచ్చా అన్నది నేను చెప్పగలిగే విషయం కాదు, ఏ టాటూ ఆర్టిస్టూ చెప్పకూడని విషయం. చర్మవ్యాధి నిపుణుల దగ్గరికి పంపాను. ఆ స్వభావం లేదని కచ్చితంగా చెప్పలేమని, భుజాన్ని వదిలేయమని, వేరేచోట చిన్న పరీక్ష గీత వేసి కనీసం మూడు నెలలు ఆగి చూడమని డాక్టరు సలహా ఇచ్చారు. పరీక్ష గీత బాగా మానినా అది పూర్తి హామీ కాదని, కీలాయిడ్ నెలలు గడిచాక కూడా రావచ్చని ఆమెకు డాక్టరూ చెప్పారు, నేనూ చెప్పాను. ఆ మాట విన్నాక కూడా ముందుకు వెళ్లాలన్నది ఆమె ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

భుజం పోవడంతో ముంజేయి బయటి వైపును ఎంచుకున్నాం. చేతివేళ్లు, అరచేయి అంచు, పాదాల వంటి చోట్ల చర్మం త్వరగా అరుగుతుంది, గీతలు తొందరగా మసకబారతాయి. ముంజేతికి ఆ ఇబ్బంది తక్కువ. అయితే ముంజేయి తిరుగుతుంది. అరచేతిని పైకీ కిందికీ తిప్పితే మణికట్టు దగ్గరి చర్మం బాగా మెలి తిరుగుతుంది, మోచేతి వైపు వెళ్లేకొద్దీ ఆ మెలిక తగ్గుతుంది. సమాంతర రేఖలున్న డిజైన్‌లో ఈ మెలిక వెంటనే బయటపడుతుంది కనుక, కొండను ముంజేతి పైభాగానికి జరిపి, మోచేతి మడతకు మాత్రం దూరంగా ఉంచాం.

ఆ చోటులో ఒక పుట్టుమచ్చ ఉంది. పుట్టుమచ్చ మీద టాటూ వేయకూడదు. దాని రంగులో, అంచుల్లో వచ్చే మార్పే చర్మ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టిచ్చే గుర్తు కావచ్చు, సిరా ఆ గుర్తును కప్పేస్తుంది. చుట్టూ కనీసం అర సెంటీమీటరు ఖాళీ చర్మం వదలాలని చెప్పాను. ఆమె పటాన్ని కొద్దిగా జరిపి, ఆ మచ్చ పడమటి వైపున్న చదునైన భాగంలో, రెండు రేఖల మధ్య విశాలమైన ఖాళీలో పడేలా సర్దారు. కొండ రూపం ఏమాత్రం మారలేదు. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన పని అది.

ఆర్టిస్టు ఎంపిక

ఈ టాటూను నేను వేయలేదు. నా పని ప్రధానంగా నలుపు బూడిద షేడింగ్. పొడవైన సన్నని గీతను ఒకే లోతులో, ఒకే వేగంతో పన్నెండు సెంటీమీటర్లు లాగడం వేరే సాధన. షేడింగ్‌లో చేయి కొంచెం తడబడినా ఛాయలో కలిసిపోతుంది. పది సమాంతర రేఖల్లో ఒక్కటి వణికినా మిగిలిన తొమ్మిదీ దాన్ని చూపిస్తాయి. ఈ మాట చెప్పి, ఆర్టిస్టును వెతకడంలో సాయపడతానన్నాను.

ఆమె ముగ్గురి పేర్లతో వచ్చారు. మొదటి ఆర్టిస్టు పోర్ట్‌ఫోలియో కంటికి చాలా ఇంపుగా ఉంది. కాని ప్రతి ఫొటోలోనూ చర్మం ఎర్రబడి, తడిగా మెరుస్తోంది, అంటే అవన్నీ సూది తీసిన నిమిషాల్లో తీసినవి. కొత్తగా వేసిన టాటూ దాదాపు ఎప్పుడూ నల్లగా, పదునుగా కనిపిస్తుంది. పైచర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, లోపల సర్దుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది, ఆ తరువాత కనిపించేదే అసలు పని. అందుకే మానిన టాటూల ఫొటోలు, వీలైతే ఏడాది దాటినవి, అడగమని చెప్పాను. అవి లేవన్న జవాబు వచ్చింది. అదే స్టూడియోలో నల్ల సిరాను పలుచన చేయడానికి ఏ నీరు వాడతారని అడిగితే, డిస్టిల్డ్ నీరు వాడతామన్నారు. డిస్టిల్డ్ నీరు అంటే క్రిమిరహితమైన నీరు అని కాదు. 2011లో అమెరికాలోని రోచెస్టర్‌లో పందొమ్మిది మందికి టాటూ మీద మైకోబాక్టీరియం చెలోనే అనే క్రిమి వల్ల ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, కారణం తయారీలోనే డిస్టిల్డ్ నీటితో పలుచన చేసిన బూడిద సిరా అని తేలింది. స్టెరైల్ (క్రిమిరహిత) నీరు అన్న జవాబు తప్ప మరేదీ సరిపోదు. ఆ పేరును అక్కడితో పక్కన పెట్టాం.

రెండో ఆర్టిస్టు నిజంగా ప్రతిభావంతుడు. మానిన ఫొటోలు ఉన్నాయి, స్టూడియో శుభ్రంగా ఉంది, పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందని చూపే స్పోర్ పరీక్ష రికార్డులు అడగకముందే చూపించారు. ఆయన పని మాత్రం ముఖచిత్రాలు, అదీ ఎక్కువగా తెల్లని చర్మం మీద. మంచి ఆర్టిస్టు అయితే ఏదైనా వేయగలడన్న నమ్మకం క్లయింట్లలో బలంగా ఉంటుంది. మనకు కావలసిన రకం పని, మన చర్మం వంటి చర్మం మీద, మానిన తరువాత ఎలా ఉందో చూపించగలగాలి. ఈ మూడింటిలో రెండు ఉన్నా సరిపోదన్నది నా పట్టుదల. ఆయనకు ఆ సంగతి చెబితే నొచ్చుకోకుండా ఒప్పుకున్నారు, అది ఆయన మీద నా గౌరవాన్ని పెంచింది.

మూడో ఆర్టిస్టు పోర్ట్‌ఫోలియో చూడటానికి సాదాగా ఉంది. జ్యామితి ఆకారాలు, చెట్టు మానులో కనిపించే వలయాలు, అన్నీ గీతలే. వాటిలో సగానికి పైగా ముదురు చర్మం మీదివి, మూడు నాలుగేళ్లు గడిచాక తీసిన ఫొటోలతో సహా. కొన్ని గీతలు వెడల్పయిన ఫొటోలను కూడా ఆవిడ దాచలేదు, ఎందుకు అయ్యాయో చెప్పారు. సూది కార్ట్రిడ్జ్‌లు ఒక్కసారి వాడి పారేసేవి, సీలు క్లయింటు ఎదుటే తెరుస్తారు, లాట్ నంబరూ గడువు తేదీ రికార్డు చేస్తారు. సిరా విషయంలో సీసా మీది వివరాలను ఫొటో తీసి పంపారు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లోని వేలాది రసాయనాల మీద పరిమితులు పెట్టింది. ఆవిడ వాడేది ఆ నియమాలకు అనుగుణమైన నల్ల సిరా. పరీక్ష గీత వేసి మూడు నెలలు ఆగుదామంటే విసుక్కోలేదు, తానూ అదే అడిగేదాన్నన్నారు. ఆవిడ తేదీ దొరకడానికి ఎలాగూ అంతకంటే ఎక్కువ కాలం ఆగవలసి ఉంది.

తూర్పు వాలుకు లోతు రావడానికి గీతల కింద పలుచని షేడింగ్ ఉంటే బాగుంటుందని నేను సూచించాను. ఆవిడ వద్దన్నారు. ఈ చర్మం మీద గీతకూ ఖాళీకీ మధ్య ఉన్న తేడాయే బొమ్మకు ప్రాణం, ఖాళీలో బూడిద రంగు నింపితే ఆ తేడా తగ్గుతుందని చెప్పారు. ఆ వాదన సబబుగా తోచి సూచనను వెనక్కి తీసుకున్నాను. తన డిజైన్‌కు కారణంతో కాదని చెప్పగలిగే ఆర్టిస్టు దొరికితే క్లయింటు దాన్ని అదృష్టంగా భావించాలి. వాగు సమస్యను కూడా ఆవిడే తేల్చారు: దాన్ని గీయనక్కర లేదు, కాంటూరు రేఖలు లోయలో పైవైపుకు వంగి వచ్చేచోట చిన్న తెంపు వదిలితే వాగు దానంతటదే కనిపిస్తుంది.

వేసిన రోజు, తరువాత

పరీక్ష గీత చదునుగా మానింది, డాక్టరు మళ్లీ చూసి అభ్యంతరం లేదన్నారు. వేసే రోజున స్టెన్సిల్ (గీయవలసిన డిజైన్ అచ్చు) అతికించేటప్పుడు క్లయింటును కూర్చోబెట్టకుండా నిలబెట్టి, చేయి సహజంగా వేలాడే స్థితిలో అతికించారు. మొదటిసారి పల్లం కొద్దిగా వంకరగా వచ్చింది, తుడిచేసి మళ్లీ పెట్టారు. స్టెన్సిల్ తుడిచి మళ్లీ పెట్టమని అడగడానికి క్లయింట్లు మొహమాటపడతారు. ఆ మొహమాటం అసలు అక్కరలేదు. మామూలు రేఖలకు మూడు సూదులను గుండ్రంగా కూర్చిన రౌండ్ లైనర్, మందపు రేఖలకు ఏడు సూదులది వాడారు. ఒకే సూదితో ఇంకా సన్నగా వేయమని క్లయింటు చివరి నిమిషంలో అడిగినా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆరు వారాల తరువాత నేను చూసినప్పుడు తొమ్మిది రేఖలు నిండుగా ఉన్నాయి. మోచేతికి దగ్గరగా ఉన్న అంచు రేఖలో సుమారు సెంటీమీటరు మేర నలుపు పలచబడింది. మూడో నెల దాటాక ఆర్టిస్టు దాన్ని సరిచేశారు. పూర్తిగా మానకముందే టచప్ చేస్తే చర్మం రెండోసారి గాయపడి మచ్చ పడే ప్రమాదం ఉంది, ఈమె విషయంలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ కనుక ఆగడం సరైనదే. ఉబ్బు, దురద ఏవీ కనిపించలేదు.

ఒకవేళ నచ్చకపోతే లేజరుతో తీయించుకోవచ్చు కదా అని ఆమె మొదట్లో అడిగారు. నలుపు మిగతా రంగులకంటే తేలికగా పోతుందన్నది నిజమే. అయితే అది అనేక విడతల పని. ముదురు చర్మం మీద లేజరు మెలనిన్‌ను కూడా తాకి తెల్లమచ్చలు, నల్లమచ్చలు మిగిల్చే ప్రమాదం ఉంది, అందుకే 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజరును అనుభవజ్ఞులైన డాక్టరు చేతుల్లోనే వాడాలి. డిజైన్ నిర్ణయంలో దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాను.

మూడేళ్ల తరువాత కొలిచి చూశాను. సన్న రేఖలు కొంత వెడల్పయ్యాయి, తూర్పు వాలు వద్ద ఖాళీ ఇంకా ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగానే ఉంది, పదింటినీ వేర్వేరుగా లెక్కపెట్టవచ్చు. ఎక్కువ సమయం ఎండలో పనిచేసే వృత్తి కావడంతో ఆమె ముంజేతికి సన్‌స్క్రీన్ రాయడమో పొడుగు చేతుల చొక్కా వేసుకోవడమో మానలేదు. పుట్టుమచ్చను చర్మవ్యాధి నిపుణులు ఏటా పరీక్షిస్తున్నారు. కొండ పక్కనున్న లోయను కూడా మణికట్టు వైపు చేర్చాలని ఆమె ఇప్పుడు అడుగుతున్నారు. మణికట్టు దగ్గర మెలిక ఎక్కువ కాబట్టి అక్కడ సమాంతర రేఖలు వద్దని నేనూ, ఆ ఆర్టిస్టూ ఇద్దరమూ చెప్పాం. లోయను ఒకే మందపు రేఖతో, ఇప్పటి టాటూ అంచుకు మూడు సెంటీమీటర్లు ఎడంగా గీసిన స్కెచ్ ప్రస్తుతం ఆమె పరిశీలనలో ఉంది.